ఇంటికో పీలిక

నది మధ్యన ఒక లంక ఉండేది. లంకకు ఒక్కటే పడవ. ఆ పడవ కారేది.

లంకలో పండినది సంతకు చేరాలన్నా, సంతలోని ఉప్పు లంకకు రావాలన్నా, నొప్పులు పడే మనిషిని అవతలి ఒడ్డున మంత్రసాని దగ్గరికి చేర్చాలన్నా ఆ పడవే దిక్కు. వరదొస్తే గట్టెక్కడానికీ అదే. పడవ మునిగితే లంక మునిగినట్టే అని అక్కడ అందరికీ తెలుసు.

పడవ నడిపేది ఒక ఆడమనిషి. పడవ నడిపేవాణ్ని సరంగు అంటారు కనుక లంకంతా ఆమెను సరంగత్త అని పిలిచేది. ఆమె ఈ రేవులో గొంతెత్తితే ఆ రేవులో కొంగలు లేచేవి. వినయం ఆమె ఇంటి గుమ్మం ఎన్నడూ తొక్కలేదు. "నేనే లేకపోతే మీరంతా ఈదుకుంటూ పోవాల్సిందే," అని రోజూ అనేది. జనం నవ్వి ఊరుకునేవారు. అది నిజం మరి.

ఆ కాలంలో పడవ పలకల మధ్య సందులు పూడ్చడానికి రాజుగారి అంగడిలో ఒక లేపనం అమ్మేవారు. డబ్బా మీద సింహం బొమ్మ. బొమ్మ కింద 'రాజు చల్లగా, రేవు చల్లగా' అని రాసి ఉండేది. ఆ లేపనం పూస్తే పడవ అద్దంలా మెరిసేది. అయితే చెక్క ఎండకు ముడుచుకుంటుంది, నీటికి ఉబ్బుతుంది. లేపనానికి ముడుచుకోవడమూ రాదు, ఉబ్బడమూ రాదు. సింహాసనం దగ్గర పుట్టింది కదా, వంగడం దానికెవరూ నేర్పలేదు. మొదటి పెద్ద అలకే పెళుసుగా పగిలి, పెచ్చులు పెచ్చులుగా ఊడేది. సరంగత్త పెచ్చులు ఏరి నదిలో పారేసి, రాజుగారిని నాలుగు తిట్లు తిట్టి, మళ్ళీ డబ్బా కొనేది. రాజుగారి అంగడి అలాగే బతికేది.

ఒకరోజు పడవ నది నడిమధ్యన ఉండగా అడుగున లేపనం ఊడిపోయి నీళ్ళు జివ్వున చిమ్మాయి. పడవ నిండా మనుషులు, మేకలు, గుమ్మడికాయలు. కుండలు చేసి సంతకు మోసుకెళ్ళే పెద్దాయన ఒకడున్నాడు. లంకలో ఆయన్ని కుండల మావ అంటారు.

"సరంగూ, మునిగిపోతున్నాం!" అని అరిచాడు కుండల మావ.

"అరిస్తే పూడదు మావా! కాళ్ళెత్తు!"

సరంగత్త తన చీర కొంగు సర్రున చింపింది. సందులో కుక్కి మడమతో తొక్కింది. నీళ్ళు ఆగలేదు. పక్కకు చూసి కుండల మావ తలగుడ్డ లాగేసుకుంది.

"ఒసేయ్, అది మా మావగారు పెళ్ళిలో పెట్టింది!"

"బతికి ఒడ్డెక్కితే మీ మావగారికి నేను చెప్పుకుంటాలే!"

తలగుడ్డ కూడా కుక్కి తొక్కింది. నీళ్ళు ఆగాయి. మేకలతో సహా అందరూ ఒడ్డెక్కారు. ఆనాటి నుంచి సరంగత్త రాజుగారి డబ్బా కొనలేదు.

అయితే పని అంత సులువుగా తేలలేదు. ఒట్టి గుడ్డ మర్నాటికి వదులై జారిపోయింది. దాని మీద బంకమన్ను మెత్తింది, కరిగిపోయింది. సున్నంలో బెల్లం కలిపి పెట్టింది. లంకలోని చీమలన్నీ పడవెక్కి అవతలి ఒడ్డు చూసొచ్చాయి. చింతపిక్కలు ఉడికించి జిగురు తీసి రాసింది, చేపలు పండగ చేసుకున్నాయి. జనం నవ్వారు. నవ్విన ప్రతివాణ్నీ ఆమె తిట్టింది. తిడుతూనే ఇంకోటి చేసి చూసింది.

చివరికి ఆముదంలో గుగ్గిలం వేసి పాకంలా కాచింది. ఆ పాకంలో పాత గుడ్డ ముంచి తాడులా పేనింది. సందులో దిగ్గొట్టడానికి ఉలి లేదు, సుత్తి లేదు. వంటింట్లోకి వెళ్ళి అట్లకాడా పొత్రమూ తెచ్చింది. అట్లకాడ అంచును పీలిక మీద పట్టి, పొత్రంతో పైనుంచి మోదింది.

ఆ సందు పట్టేసింది. చెక్క ముడుచుకుంటే గుడ్డా ముడుచుకుంది, చెక్క ఉబ్బితే గుడ్డా ఉబ్బింది. ఇన్నేళ్ళూ మనిషి ఒంటిని అంటిపెట్టుకుని ఉన్న గుడ్డ అది. వంగే మనిషితో వంగింది, లేచే మనిషితో లేచింది. పలకతో కలిసి బతకడం దానికి కష్టం కాలేదు.

ఒక్క సందు పూడింది గానీ, పడవకు సందులు చాలా ఉన్నాయి. సరంగత్త రేవులో నిలబడి కేకేసింది. "నా చీరలన్నీ చింపితే నేను అరిటాకు కట్టుకోవాలి! ఇంటికో పీలిక తీసుకురండి. ఎవరి పీలిక వాళ్ళే కొట్టుకోండి. నేనేమన్నా మీ అందరికీ పాలేర్నా?"

ఆ లంక ఆచారం అలా మొదలైంది. దాన్ని ఏ రుషీ చెప్పలేదు, ఏ రాజూ శాసనం వేయించలేదు. ఒక ఆడమనిషికి చిర్రెత్తడం వల్ల పుట్టింది.

ఇంటికో పీలిక, ఇంటికో సందు. కుండల మావది మట్టిరంగు తలగుడ్డ. చాకళ్ళ ఇంటిది నీలిమందు పట్టిన దుప్పటి ముక్క. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకోని తోడికోడళ్ళు ఉండేవారు. వాళ్ళు ఇద్దరికీ కలిపి ఒకే పీలిక ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పెద్దామె పసుపు చీర చింపింది, చిన్నామె ఎర్రచీర చింపింది. పక్కపక్క సందులు దొరికాయి. పడవ అడుగు చూస్తే ఆరేసిన బట్టల దండెంలా ఉండేది.

పడవెక్కిన ప్రతివాళ్ళూ ముందు తమ సందు దగ్గరికి వెళ్ళి, వంగి, బొటనవేలితో నొక్కి చూసుకునేవారు. వదులైతే అక్కడే వేలాడే అట్లకాడ తీసుకుని పొత్రంతో రెండు దెబ్బలు వేసేవారు. ఆ తర్వాతే కూర్చునేవారు. గుడిలో అడుగుపెట్టేవాడు గడప ముట్టుకున్నట్టు, అంత అలవాటుగా.

"ఏమ్మా అక్కా, నీ సందు కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. నీలాగే," అనేది చిన్న తోడికోడలు.

"నా సందు సంగతి తర్వాత. నీ ఎరుపు కారి నా పసుపు పాడవుతోంది, ముందది చూసుకో," అనేది పెద్దామె. ఇద్దరూ వంగి, ఎవరిది వాళ్ళు ఇంకాస్త గట్టిగా కొట్టేవారు. వాళ్ళ పగ వల్ల పడవకు మేలే జరిగింది.

పడవ కారడం మానేసింది. నది వెడల్పు తగ్గలేదు, అలలు మెత్తబడలేదు. అయినా లంక మనుషులు సంతకు వెళ్ళి పొడి కాళ్ళతో తిరిగొచ్చేవారు. అవతలి రేవుల్లో సింహం బొమ్మ పడవలు ఎండలో తళతళలాడుతూ, లోపల మోకాటి లోతు నీళ్ళతో నిలబడి ఉండేవి.

ఒక ఏడాది రాజు నది దాటాల్సి వచ్చింది. ఆయన సొంత నావ లేపనం పూసిన మూడో రోజే రేవులో మునిగిపోయింది. దగ్గర్లో ఉన్నది లంక పడవ. రాజు ఎక్కాడు. మనుషులంతా వంగి పలకలు ముట్టుకోవడం చూసి, తనకే దణ్ణం పెడుతున్నారనుకుని చేయెత్తి దీవించాడు.

ఒడ్డు చేరాక తన చెప్పులు చూసుకున్నాడు. తడి లేదు.

"ఏం పూశావు దీనికి?" అని అడిగాడు.

సరంగత్తకు అంతకంటే ఏం కావాలి! "గుగ్గిలం, ఆముదం, పాత గుడ్డ! అంతా నా బుర్రలోంచి వచ్చిందే ప్రభూ. తమరి డబ్బా తమరి దగ్గరే ఉంచుకోండి, మాకొద్దు," అంది.

బొటనవేళ్ళ సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. ఆమెకు గుర్తు రాలేదు. అన్నం ఎలా తిన్నావంటే కూర పేరు చెబుతాం గానీ, నమిలానని ఎవరు చెబుతారు?

రాజు చెడ్డవాడేం కాదు. మంచిదేదైనా కనబడితే మెచ్చుకునేవాడు. మెచ్చుకున్నదాన్ని అంగడిలో పెట్టేవాడు. అదే ఆయనకు తెలిసిన మెప్పు.

కొన్నాళ్ళకు రేవులో డప్పు మోగింది. "ఒకే నది! ఒకే రేవు! ఒకే లేపనం!" అని చాటింపు వేశాడు డప్పువాడు. ఇకమీదట పడవలన్నిటికీ రాజముద్ర ఉన్న కొత్త డబ్బాయే వాడాలట. ఇళ్ళలో కాచినదీ, కుక్కినదీ ప్రాణాలకు ముప్పు గనుక నిషేధమట. చెప్పడం అయ్యాక డప్పువాడు సంచిలోంచి కొత్త డబ్బా తీసి సరంగత్త చేతిలో పెట్టాడు.

డబ్బా మీద సింహం లేదు. సరంగత్త బొమ్మ ఉంది. నడుం సన్నగా, ముక్కు సూటిగా, తెడ్డు రాజదండంలా పట్టుకుని ఉంది.

"ముక్కు నాది కాదే," అంది ఆమె.

"నీదేనంటున్నారు దర్బారులో," అన్నాడు డప్పువాడు.

మూత తీసి వాసన చూసింది. అదే గుగ్గిలం, అదే ఆముదం. లోపల చుట్టలు చుట్టి పెట్టినవి పాత గుడ్డ పీలికలే, ఉతికి తెల్లగా చేసినవి. దేన్నీ తప్పు పట్టడానికి లేదు.

"అంతా నీదేగా సరంగూ. మరి మా పీలికలు పీకడం దేనికి?" అన్నాడు కుండల మావ.

సరంగత్త డబ్బాను ఎండకు పట్టి ఇటూ అటూ తిప్పింది. డబ్బా మీది ఆడమనిషి ఆమెను చూసి నవ్వింది. ఇన్నేళ్ళు అరిచినా అవతలి ఒడ్డు దాటి వినపడని తన పేరు ఇప్పుడు ప్రతి రేవులోనూ ఉంటుంది. అధికారం చేతుల్లోంచి పని లాక్కుంటుంది, బదులుగా బొమ్మ ఇస్తుంది. బొమ్మ ముద్దుగా ఉంటుంది. లోకంలో గొలుసులన్నీ ఇనుముతోనే చేస్తారనుకోవడం పొరపాటు.

"పీకెయ్యండి," అంది సరంగత్త.

మట్టిరంగూ నీలమూ పసుపూ ఎరుపూ అన్నీ బయటికొచ్చి ఇసుకలో పడ్డాయి. పడవ అడుగు ఒకే తెలుపైంది. ఎవరి సందు ఏదో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. మొదట్లో జనం అలవాటు కొద్దీ వంగి, ఎక్కడ నొక్కాలో తోచక లేచేవారు. తర్వాత వంగడం మానేశారు. కాళ్ళు బారజాపుకుని కూర్చోవడం నేర్చుకున్నారు. అట్లకాడ తిరిగి వంటింట్లోకి పోయి అట్లు తిరగేయసాగింది. తోడికోడళ్ళు పడవలో పోట్లాడుకోవడానికి కారణం లేక చెరో కొసన కూర్చున్నారు.

సందు అన్నాక వదులవుతుంది. ఎంత మంచి గుడ్డయినా, ఎంత చిక్కటి పాకమైనా అంతే. ఒకరోజు పడవలో కాస్త తడి కనబడింది.

"అంగడివాళ్ళకు చెప్పాలి," అన్నారొకరు.

"చెప్పే ఉంటారులే ఎవరో," అన్నారింకొకరు.

శ్రావణంలో వరదొచ్చింది. పొద్దున చేలగట్లు మునిగాయి, మధ్యాహ్నానికి గుమ్మాలు తడిశాయి. పిల్లల్నీ ముసలివాళ్ళనీ మేకల్నీ ఎక్కించుకుని లంక మొత్తం పడవలో కూర్చుంది. సరంగత్త తెడ్డు వేసింది. ఎర్రటి నీళ్ళు, దూలాలు, కొట్టుకొచ్చే చెట్లు. నది ఆమెకు తెలిసిన నదిలా లేదు.

సగం దూరం వెళ్ళేసరికి పాదాలకు నీళ్ళు చల్లగా తగిలాయి. తర్వాత చీలమండలకు.

"సరంగత్తా, నీ లేపనం కారుతోంది!" అని అరిచింది చిన్న తోడికోడలు.

"అత్తా, నీ బొమ్మకు చెప్పు! బొమ్మనొచ్చి పూడ్చమను!" అని ఏడుపుగొంతుతో ఎవరో అరిచారు.

అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. ఒక్కరూ కిందకు చూడలేదు. అప్పుడు సరంగత్త తన బొటనవేలి వంక చూసుకుంది. తెడ్డు పట్టి కాయలు కాసిన వేలు. దాని చివర ఒకప్పుడు ఎప్పుడూ అంటుకుని ఉండే గుగ్గిలం మరక లేదు. ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియదు. డబ్బా వచ్చాక తానూ వంగలేదు.



"నా లేపనమేంటే నీ మొహం! నీ సందు!" అని అరిచింది. ఆ గొంతుకు గట్టు మీద కొంగలు లేచాయి. "ఎక్కడ కొట్టావో మర్చిపోయావా? పసుపు పక్కన ఎరుపు! వంగు! మావా, నీది తెడ్డు దగ్గర! వంగండ్రా, వంగండి! నడుములు విరిగినా సరే, వంగండి!"

తన కొంగు పట్టి చింపింది. ఆ చప్పుడు అందరికీ గుర్తే. పడవ పొడుగునా గుడ్డలు చిరిగాయి. కుండల మావ కొత్త తలగుడ్డ కోసం ఎవరూ చేయి చాపకముందే తానే తీశాడు. పెద్ద తోడికోడలికి గుడ్డ చిరగలేదు. చిన్నామె పళ్ళతో కొరికి చింపి ఇచ్చింది, ఇస్తూ కూడా తిట్టింది. గుగ్గిలం లేదు, ఆముదం లేదు, అట్లకాడ లేదు. వేళ్ళతో కుక్కారు, మడమలతో తొక్కారు, పిల్లలు కుండ మూతలతో నీళ్ళు తోడి పోశారు. పడవ నిండా వంగిన వీపులే. నిలబడి ఉన్నది సరంగత్త ఒక్కతే, తెడ్డు వదలకూడదు కనుక. ఆమె మడమ కింద ఆమె సందు ఉంది.

సాయంత్రానికి లంక గట్టెక్కింది. ఆనాడు నది మీద తేలిన పడవ అదొక్కటే.

వరద తగ్గాక పీలికలు మళ్ళీ గుగ్గిలంలో మునిగాయి, అట్లకాడ మళ్ళీ పడవెక్కింది. అప్పుడు రాజు స్వయంగా రేవుకొచ్చాడు. వెనక భటులు, భటుల వెనక అంగడివాళ్ళు.

"నువ్వు చెప్పిన దినుసులే వేశాం," అన్నాడు రాజు. "కొలత కూడా తప్పలేదు. అయినా ప్రతి రేవులో పడవలు మునిగాయి, నీది తప్ప. ఏదో దాచావు నా దగ్గర. అదేంటో ఇవాళ చెప్పకపోతే పడవ నాది, నువ్వు చెరసాలకు."

సరంగత్త నేల చూసి, తలెత్తింది.

"దాచాను ప్రభూ. నాకే తెలియకుండా దాచాను. నోటితో చెబితే కిందటిసారిలాగే అవుద్ది. ఎక్కండి."

భటులు కదలబోయారు. "వాళ్ళు వద్దు," అంది. రాజు ఒక్కడే ఎక్కాడు. తోడుగా కుండల మావ ఎక్కి, వంగి తన సందు నొక్కుకుని కూర్చున్నాడు.

నది నడిమధ్యకు వచ్చాక సరంగత్త కాలి వేళ్ళతో తన పీలిక పట్టి లాగేసింది. రాజుగారి పాదాల దగ్గర నీళ్ళు ఊటలా లేచాయి.

"ఏం చేస్తున్నావ్! పూడ్చు!"

"అది నా సందు ప్రభూ. తమరికిచ్చాను."

"పూడ్చమంటుంటే!"

"నా చేతులు తెడ్డు మీదున్నాయండీ."

రాజు కుండల మావ వైపు చూశాడు. కుండల మావ మబ్బుల వైపు చూశాడు. రాజు ఒడ్డు వైపు చూశాడు. అంగడీ భటులూ డప్పూ అన్నీ అక్కడే ఉన్నాయి. నీళ్ళు ఇక్కడున్నాయి. పుట్టాక మొదటిసారి ఆయన కిందకు చూశాడు. మెల్లగా భుజం మీది జరీ ఉత్తరీయం తీశాడు. చింపడం చేతకాలేదు, పళ్ళతో కొరికాడు. వంగాడు.

సరంగత్త అట్లకాడనూ పొత్రాన్నీ కాలితో ఆయన వైపు తోసింది. "గట్టిగా కొట్టండి ప్రభూ. అట్టు తిరగేయడం కాదు," అంది.

రాజు కొట్టాడు. పొత్రం రెండుసార్లు వేలి మీద పడింది. నీళ్ళు తగ్గాయి. ఒడ్డు చేరేదాకా ఆయన ఆ సందు మీద నుంచి బొటనవేలు తీయలేదు. ఆ రోజు రేవులో డప్పు మోగలేదు. పడవ జోలికి ఎవరూ రాలేదు.

కొన్నాళ్ళకు అంగడిలో కొత్త డబ్బా వచ్చిందని సంత నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. దాని మీద వంగి ఉన్న రాజు బొమ్మ వేశారట. చాలా బాగా అమ్ముడుపోతోందట.

పడవ ఇప్పటికీ నడుస్తోంది. రంగు రంగుల పీలికల మధ్య జరీ పీలిక ఎండలో మెరుస్తుంది. పడవలో అదొక్కటే కారుతుంది. కొత్తవాళ్ళెవరైనా జాలిపడి అట్లకాడ అందుకోబోతే సరంగత్త చేతి మీద ఒక్కటి వేస్తుంది.

"ముట్టుకోకు. దానికి మనిషి ఉన్నాడు."

ఆ సందు దగ్గర ఒక మనిషికి సరిపడా చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. అక్కడ ఒక కొబ్బరిచిప్ప పెట్టి ఉంచారు. అది నిండినప్పుడల్లా పక్కనున్నవాళ్ళెవరో వంగి, నది నీళ్ళు నదిలో పోసి, చిప్పను మళ్ళీ అక్కడే పెడతారు.